కాంట్రాక్టర్ సీవీ ఎన్ని పేజీలుండాలి? తొమ్మిది పేజీలు రెండు ఎలా అవుతాయి?

మీరు అడిగింది ఇదీ: ఎస్ఏపీ ఫైకోలో (కంపెనీల జమాఖర్చులు చూసే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ భాగం) 16 ఏళ్ల అనుభవం. మొదటి సగం హైదరాబాద్‌లో ఓ సర్వీసెస్ కంపెనీలో, తర్వాతి సగం బ్రిటన్‌లో. ఇప్పుడు ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) చేతికొచ్చింది కాబట్టి పర్మనెంట్ ఉద్యోగం వదిలి కాంట్రాక్టింగ్‌లోకి, అంటే ఒక్కో క్లయింట్‌కి కొన్ని నెలల ఒప్పందం మీద పనిచేయడంలోకి, దిగాలనుకుంటున్నారు. 11 ప్రాజెక్టులున్న సీవీ 9 పేజీలు వచ్చింది. కాంట్రాక్టులు చూసిపెట్టే లండన్ ఏజెంట్ రెండు పేజీలకి తగ్గించమంటున్నాడు. డాలస్‌లో ఉన్న స్నేహితుడేమో ఒక్క లైను కూడా తీయొద్దు, కీవర్డులు పోతాయి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఏజెంట్ మాట వినండి. బ్రిటన్ ఐటీ కాంట్రాక్టులకి రెండు పేజీలు చాలు. గట్టి కారణం ఉంటే మూడు. నాలుగు వద్దు. మీ స్నేహితుడు చెప్పేది అబద్ధం కాదు, కాకపోతే ఆయన చెప్పేది వేరే బజారు సంగతి. దాని గురించి కిందకి వెళ్లాక చెబుతాను.

పేజీల లెక్క ఎవరో పెట్టిన ఆచారం కాదు. పర్మనెంట్ ఉద్యోగానికి తీసుకునేవాళ్లు మనిషిని చూస్తారు, ఎక్కడ చదివాడు, ఎలా ఎదిగాడు, ఐదేళ్ల తర్వాత ఏమవుతాడు అని. కాంట్రాక్టుకి తీసుకునే మేనేజర్ దగ్గర అంత తీరిక ఉండదు. ఆయనకో ప్రాజెక్టు ఉంది, దానికో గో-లైవ్ తేదీ (కొత్త వ్యవస్థ వాడుకలోకి వచ్చే రోజు) ఉంది, మధ్యలో ఓ ఖాళీ ఉంది. "సరిగ్గా ఈ పని ఇంతకు ముందు చేశాడా? వచ్చిన మొదటి వారంలోనే చేయి పెట్టగలడా?" ఇంతే ఆయన ప్రశ్న. ఇంట్లో పైపు కారుతుంటే ప్లంబర్‌ని పిలిచి ఐటీఐలో ఎన్ని మార్కులొచ్చాయని అడగం కదా, కారేచోటు చూపించి ఇలాంటిది బాగుచేశావా అంటాం. మీ 16 ఏళ్లలో ఆ మేనేజర్‌కి కావలసింది రెండు మూడేళ్ల పని. మిగతాది ఆయన దాన్ని వెతుక్కోవడానికి అడ్డం.

సీవీ ముగ్గురి చేతుల్లోంచి వెళుతుంది, ముగ్గురూ మూడు రకాలుగా చదువుతారు. ఇది అర్థమైతే ఏది ఉంచాలో, ఏది తీయాలో మీకే తెలిసిపోతుంది.

మొదటి పాఠకుడు మనిషి కాదు, ఏజెన్సీ డేటాబేస్‌లో వెతికే యంత్రం. ఏజెంట్ కొన్ని పదాలు కలిపి వెతుకుతాడు. ఈ దశలో పొడవుతో పనిలేదు, పదం ఉందా లేదా అన్నదే లెక్క. కొన్ని వ్యవస్థలు పదం ఎన్నిసార్లు, ఎంత ఇటీవలి ఉద్యోగంలో వచ్చిందో కూడా చూసి వరుస పెడతాయి గానీ, దానికి పదం మూడు నాలుగు చోట్ల సహజంగా ఉంటే చాలు, ముప్పై చోట్ల అక్కర్లేదు. ఇక్కడ దెబ్బతినేది పదాలు తక్కువై కాదు, స్పెల్లింగ్ వల్ల. ఎస్4 హానా (ఎస్ఏపీ కొత్త తరం సాఫ్ట్‌వేర్, దాని ముందుది ఈసీసీ) అన్న మాటని కొందరు స్లాష్‌తో రాస్తారు, కొందరు స్లాష్ లేకుండా, కొందరు మధ్యలో ఖాళీ వదిలి. ఫైకో కూడా అంతే, కలిపి రాసేవాళ్లున్నారు, మధ్యలో గీత పెట్టేవాళ్లున్నారు, "ఎస్ఏపీ ఫైనాన్స్" అని మాత్రమే వెతికేవాళ్లున్నారు. ప్రొఫైల్‌లో ఒక రూపం, నైపుణ్యాల పట్టీలో ఇంకో రూపం, ప్రాజెక్టులో మూడోది వాడితే సరిపోతుంది. దీనికి అదనంగా పట్టే చోటు సున్నా. మీ స్నేహితుడి కీవర్డుల భయానికి జవాబు ఇదే.

రెండో పాఠకుడు ఏజెంట్. ఫైకో అంటే ఏమిటో ఆయనకి లోతుగా తెలియకపోవచ్చు. ఆయన దగ్గర క్లయింట్ ఇచ్చిన చిన్న జాబితా ఉంటుంది: తప్పనిసరిగా ఉండాల్సినవి నాలుగు, ఉంటే మంచిది అన్నవి మూడు. ఆ నాలుగూ మొదటి పేజీలో, వీలైతే పై సగంలో కనబడాలి. ఐదో పేజీలో ఉన్న సెంట్రల్ ఫైనాన్స్ (ఎస్ఏపీలో ఇంకో ఫైనాన్స్ భాగం) అనుభవం ఆయన దృష్టిలో లేనట్టే.

మూడో పాఠకుడు ఆ ప్రాజెక్టు మేనేజరో, ఫైనాన్స్ లీడో. ఈయనకి విషయం తెలుసు. ఏజెంట్ పంపిన నాలుగైదు సీవీలు మీటింగుకీ మీటింగుకీ మధ్య తెరుస్తాడు. మొదటి పేజీ పూర్తిగా, రెండో పేజీ పైపైన చూస్తాడు. ఇంటర్వ్యూ ప్రశ్నలు కూడా అక్కడి నుంచే వస్తాయి. కాబట్టి సీవీలో పెట్టిన ప్రతి లైనూ "దీని మీద పది నిమిషాలు మాట్లాడగలను" అనే లైనై ఉండాలి. తొమ్మిది పేజీల సీవీకి అసలు ప్రమాదం ఇక్కడే. 2011లో మూడు వారాలు ముట్టుకున్న మాడ్యూల్ పేరు ఏడో పేజీలో ఉంటుంది, ఆయన దాని మీదే అడుగుతాడు, మీరు తడబడతారు, మిగతా ఎనిమిది పేజీల మీద కూడా అనుమానం వస్తుంది.

ఇక కొలతలు. ఏ4 కాగితం, 10.5 లేదా 11 సైజు అక్షరాలు, నాలుగు వైపులా 2 సెంటీమీటర్ల మార్జిన్ అనుకుంటే పేజీకి సుమారు 450 నుంచి 500 ఇంగ్లిష్ పదాలు పడతాయి. అంటే మీ చేతిలో ఉన్నది 950 పదాలు. వాటిని ఇలా పంచుకోండి:

పేరు, ఊరు, ఫోను, ఈమెయిల్, పని హక్కు, ఎప్పటినుంచి దొరుకుతారు: 30 పదాలు.
ప్రొఫైల్: 70 పదాలు.
నైపుణ్యాలు: 90 పదాలు, ఆరేడు వరుసల్లో.
అన్నిటికన్నా ఇటీవలి ప్రాజెక్టు: 150.
దాని ముందు రెండు: ఒక్కోదానికి 100.
ఆ ముందు మూడు: ఒక్కోదానికి 50.
మిగిలిన ఐదు: ఒక్కోదానికి ఒక్క లైను, 15 పదాలు.
ప్రాజెక్టుల శీర్షికలు (తేదీ, క్లయింట్, హోదా): అన్నీ కలిపి 130.
చదువు, సర్టిఫికెట్లు: 40.

కూడితే 935. మీ 11 ప్రాజెక్టుల్లో ఒక్కటీ పోలేదు చూడండి. పోయిందల్లా పాతవాటికి మీరిచ్చిన చోటు. ఈ అంకెలు రాతిమీద గీతలు కావు. మూడో ప్రాజెక్టే ఇప్పటి కాంట్రాక్టుకి దగ్గరగా ఉంటే 150 పదాలు దానికిచ్చి, మొదటిదాన్ని 100కి దించండి.

అక్షరాల సైజు 8కి దించి, మార్జిన్లు నొక్కి తొమ్మిదిని నాలుగు చేయడం కుదించడం కాదు. ఏజెన్సీలు సీవీని తమ టెంప్లేట్‌లోకి ఎక్కించి, పైన లోగో పెట్టి, మీ ఫోను నంబరు తీసేసి పంపుతాయి. మీరు నొక్కిపెట్టినదంతా అక్కడ మళ్లీ సాగిపోయి ఆరేడు పేజీలవుతుంది. వర్డ్ ఫైలే కావాలని వాళ్లు అడిగేది ఇందుకే. కాబట్టి వర్డ్‌లోనే తయారుచేయండి. రెండో పేజీ అడుగున నాలుగైదు లైన్ల ఖాళీ ఉంచితే వాళ్ల లోగో వచ్చినా మూడో పేజీకి ఒక్క లైను జారిపడదు.

తొమ్మిది పేజీల సీవీలో కోత ఎక్కడ పెట్టాలి అంటే, మన సీవీలన్నిటిలో కొవ్వు ఇంచుమించు ఒకేచోట ఉంటుంది.

ముందుగా చివరి పేజీ. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహ స్థితి, పాస్‌పోర్ట్ నంబరు, తెలిసిన భాషలు, హాబీలు, "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న డిక్లరేషన్, కింద స్థలం, తేదీ, సంతకం. ఇదంతా ఇండియాలో కాలేజీ ప్లేస్‌మెంట్ నాటి నుంచి మనతో నడిచొచ్చిన సరంజామా. బ్రిటన్‌లో వయసు, పెళ్లి, మతం లాంటివి 2010 నాటి ఈక్వాలిటీ చట్టం కింద రక్షణ ఉన్న అంశాలు. వాటిని సీవీలో చూడటమే చాలామంది మేనేజర్లకి ఇబ్బంది. ఫోటో కూడా వద్దు. పాస్‌పోర్ట్ నంబరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఎవరి చేతిలో పడతాయో తెలియని కాగితం మీద పెట్టడం ఎలాగూ ప్రమాదమే. పదో తరగతి, ఇంటర్ శాతాలు తీసేయండి. డిగ్రీ పేరు, యూనివర్సిటీ ఒక్క లైను చాలు. "రిఫరెన్సులు అడిగితే ఇస్తాం" అన్న మాట కూడా అనవసరం, అడిగితే ఇస్తారని వాళ్లకి తెలుసు.

తర్వాత మొదటి పేజీ. అమెరికా తరహాలో ఇరవై, పాతిక బుల్లెట్ల "ప్రొఫెషనల్ సమ్మరీ" ఉంటుంది. ప్రతి బుల్లెట్టూ "మంచి అనుభవం ఉంది" అనో, "బలమైన అవగాహన ఉంది" అనో మొదలవుతుంది. అందులో ఉన్నదంతా కింద ప్రాజెక్టుల్లో మళ్లీ వస్తుంది. దాని స్థానంలో నాలుగు వాక్యాల ప్రొఫైల్ పెట్టండి: మీరెవరు, ఏ రకం ప్రాజెక్టుల్లో, ఏ పరిశ్రమల్లో, ప్రత్యేకంగా ఏ ముడి విప్పగలరు. "కష్టపడే తత్వం", "టీమ్ ప్లేయర్" లాంటివి ఎవరైనా రాసుకోగలిగేవి, వాటిని చూసి ఎవరూ పిలవరు.

మూడోది, క్లయింట్ కంపెనీ గురించిన పేరా. ఫలానా బ్యాంకు ఏ సంవత్సరంలో మొదలైంది, ఎన్ని దేశాల్లో ఉంది అని వాళ్ల వెబ్‌సైట్ నుంచి ఎత్తిపెట్టిన ఐదు లైన్లు. 11 ప్రాజెక్టులకి 55 లైన్లు, అంటే దాదాపు ఒక పేజీ. మేనేజర్‌కి కావలసింది కంపెనీ చరిత్ర కాదు, ప్రాజెక్టు కొలత: ఎన్ని కంపెనీ కోడ్‌లు, ఎన్ని దేశాలు, ఎంతమంది యూజర్లు, గ్రీన్‌ఫీల్డా (మొదటినుంచి కొత్తగా కట్టడం) బ్రౌన్‌ఫీల్డా (ఉన్న వ్యవస్థనే మార్చడం, దీన్నే కన్వర్షన్ అంటారు). అది శీర్షిక కింద ఒక్క లైను.

నాలుగోది, ప్రతి ప్రాజెక్టు చివరా ఉండే "ఎన్విరాన్‌మెంట్" వరుస, ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి టికెటింగ్ టూల్ దాకా. నైపుణ్యాల పట్టీలో ఒకసారి ఉంది కదా, తీసేయండి.

ఐదోదే పెద్దది, బాధ్యతల జాబితా. కాపీ, పేస్ట్ వల్ల ఒకే బుల్లెట్ ఆరు ప్రాజెక్టుల్లో ఉంటుంది. సీవీ ఇంగ్లిష్‌లోనే రాస్తారు గానీ, ఇక్కడ భావం తెలుగులో చెబుతాను. ఇప్పుడున్నది ఇలా ఉంటుంది: "జీఎల్, ఏపీ, ఏఆర్, అసెట్ అకౌంటింగ్ కాన్ఫిగరేషన్‌కి బాధ్యత వహించాను. రిక్వైర్‌మెంట్ గేదరింగ్‌లో పాల్గొన్నాను. టెస్టింగ్‌లో సహకరించాను." (జీఎల్ అంటే జనరల్ లెడ్జర్, ఏపీ అంటే చెల్లించాల్సినవి, ఏఆర్ అంటే రావాల్సినవి.) ఇది ఫైకో కన్సల్టెంట్లందరి పని వర్ణన. ఇందులో మీరు లేరు. మార్చాక ఇలా ఉండాలి (అంకెలు ఉదాహరణకే): "ఈసీసీ నుంచి ఎస్4 హానాకి బ్రౌన్‌ఫీల్డ్ కన్వర్షన్, 6 కంపెనీ కోడ్‌లు. కస్టమర్-వెండర్ ఇంటిగ్రేషన్ నా బాధ్యత. 40,000 వెండర్ రికార్డుల్లో డూప్లికేట్లు, తప్పు పన్ను నంబర్లు కన్వర్షన్‌కి ముందే సరిచేయడంతో మొదటి నెలాఖరు క్లోజింగ్ అనుకున్న రోజుకే పూర్తయింది." మూడు లైన్లు పోయి మూడు లైన్లే వచ్చాయి, నిజమే. కానీ పాతవి ఆరుచోట్ల ఉన్నాయి, ఇది ఒక్కచోటే ఉంటుంది.

బుల్లెట్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: క్లయింట్ దగ్గర ఏం చెడిపోయి ఉంది, లేదా ఏం కావాలి, మీ చేతులతో ఏం చేశారు, చివరికి ఏమైంది. మూడింటిలో రెండు లేకపోతే ఆ లైను పనికిరాదు. "మేము చేశాం" అన్నచోట "నేను" రాయండి. కాంట్రాక్టర్‌ని తీసుకునేది జట్టు చేసిన పనికి కాదు. అయితే జట్టు పనంతా మీ పేరున రాసుకోకండి, అందులో మీ వాటా మాత్రమే రాయండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది.

పాత అనుభవం మీద ఒక జాగ్రత్త. పదేళ్లు దాటిందంతా కొట్టేయమని చాలామంది చెబుతారు. మీ రంగంలో అది గుడ్డిగా పాటించాల్సింది కాదు. ఎస్4 హానా వచ్చింది 2015లో. ఈసీసీ 6కి ఎస్ఏపీ ఇస్తున్న సాధారణ మద్దతు, ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్ 6, ఆ పైన ఉన్నవాటికి, 2027 చివరితో ముగుస్తుంది. ఇంకా మారని కంపెనీలకి పాత ఈసీసీ తెలిసి, ఎస్4 హానాలోని కొత్త యూనివర్సల్ జర్నల్ (లెక్కలన్నీ ఒకేచోట ఉండే పట్టిక) కూడా తెలిసినవాళ్లు కావాలి. కాబట్టి 2012 నాటి క్లాసిక్ జీఎల్ నుంచి న్యూ జీఎల్ మైగ్రేషన్ మీ సీవీలో ఉంటే, కన్వర్షన్ కాంట్రాక్టుకి పంపేటప్పుడు అది ఒక్క లైను కాదు, మూడు లైన్లకి తగినది. అదే గ్రీన్‌ఫీల్డ్ కాంట్రాక్టుకి పంపేటప్పుడు ఒక్క లైనుకి దించేయండి. అలాగే 2017 జులైలో ఇండియాలో జీఎస్టీ వచ్చినప్పుడు చేసిన పన్ను మార్పులు బ్రిటిష్ రిటైల్ కంపెనీకి ఏ ఉపయోగమూ లేనివి, ఇండియాలో ఫ్యాక్టరీలున్న బ్రిటిష్ తయారీ సంస్థకి మాత్రం బంగారం. 2019 ఏప్రిల్‌లో వ్యాట్‌కి మొదలైన మేకింగ్ ట్యాక్స్ డిజిటల్ (పన్ను లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో ఉంచి పంపాలన్న బ్రిటన్ నియమం) పని చేసి ఉంటే ఇక్కడి క్లయింట్లకి అది దాదాపు ఎప్పుడూ పనికొస్తుంది. బ్యాక్స్, ఫాస్టర్ పేమెంట్స్ లాంటి ఇక్కడి చెల్లింపు ఫైళ్ల పని కూడా అంతే. పాతదా కొత్తదా అన్నది కాదు, ఈ కాంట్రాక్టుకి దగ్గరదా దూరమా అన్నదే కొలబద్ద.

అందుకే ఆ తొమ్మిది పేజీల సీవీని పారేయకండి. అది మీ మాస్టర్ ఫైల్. నిజానికి దాన్ని ఇంకా పెంచండి, పన్నెండైనా ఫర్వాలేదు. అంకెలు, తేదీలు, మేనేజర్ల పేర్లు, విడిచిపెట్టిన కారణాలు అన్నీ అందులో ఉంచండి. ఎవరికీ పంపరు కదా. ప్రతి కాంట్రాక్టుకీ అందులోంచి రెండు పేజీలు కోసి తీస్తారు. పద్ధతి ఇలా: ప్రకటన చదివి తప్పనిసరి అంశాల కింద గీత గీయండి. ఒక్కోదానికీ మాస్టర్‌లో ఉన్న బలమైన రుజువు పట్టుకోండి. అవి మొదటి పేజీలోకి రావాలి. ప్రొఫైల్‌లో ఒక వాక్యం మార్చండి. నైపుణ్యాల వరుస క్రమం మార్చండి. మిగతాది ముట్టుకోనక్కర్లేదు. మొదటిసారి మాస్టర్ నుంచి రెండు పేజీలు తీయడానికి ఒక వారాంతం పడుతుంది, ఆ తర్వాత ఒక్కో కాంట్రాక్టుకి అరగంట.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఇప్పటిదాకా పర్మనెంట్ కాబట్టి సీవీలో కాంట్రాక్టులు లేవు. 8 ఏళ్లు ఒకే కంపెనీ అని ఒక్క పేరా రాస్తే కదలని మనిషి అనుకుంటారు. అలాగని ప్రతి ప్రాజెక్టునీ వేరు ఉద్యోగంలా, క్లయింట్ పేరుతోనే రాసేవాళ్లున్నారు. ఇది పెద్ద తప్పు. మీకు జీతమిచ్చింది సర్వీసెస్ కంపెనీ, మీరు కూర్చున్నది క్లయింట్ ఆఫీసులో. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఆ క్లయింట్‌ని అడిగితే "మా దగ్గర ఈ పేరుతో ఎవరూ ఉద్యోగం చేయలేదు" అని జవాబొస్తుంది, ఖరారైన కాంట్రాక్టు అక్కడే ఆగిపోతుంది. యజమాని పేరు, మొత్తం తేదీలు పైన ఒక్క శీర్షికగా పెట్టి, దాని కింద ఒక్కో ప్రాజెక్టూ దాని తేదీలతో ఉపశీర్షికగా రాయండి. రాసింది నిజమే అవుతుంది, కాంట్రాక్టర్ సీవీలాగానూ కనబడుతుంది. క్లయింట్ పేరు బయటపెట్టకూడదని ఒప్పందం ఉంటే "బ్రిటన్‌లోని పెద్ద రిటైల్ బ్యాంకు" అని రాస్తే చాలు.

రేపు కాంట్రాక్టులు పోగయ్యాక కూడా ఇదే ఉపాయం. కాంట్రాక్టింగ్ కోసం పెట్టుకునే మీ లిమిటెడ్ కంపెనీ పేరు పైన, కింద ఒక్కో క్లయింటూ. మూడు నెలల కాంట్రాక్టుని ఆరు నెలలకి, ఏడాదికి పొడిగిస్తే ఆ మాట తప్పకుండా రాయండి: "3 నెలలు, రెండుసార్లు పొడిగింపు". మళ్లీ పిలిచారన్నదానికి మించిన సిఫారసు లేదు, అది నాలుగు పదాల్లో అయిపోతుంది. తేదీలు నెల, సంవత్సరంతో రాయండి. కాంట్రాక్టుల మధ్య రెండు మూడు నెలల ఖాళీ ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. ఖాళీ కనబడకుండా ఉత్త సంవత్సరాలు రాస్తేనే అనుమానం వస్తుంది.

సీవీ మొదటి నాలుగు లైన్లలో ఏముండాలన్నది పొడవు కన్నా ఎక్కువ తేడా తెస్తుంది. ఊరు చాలు, పూర్తి చిరునామా వద్దు. "ఐఎల్ఆర్ ఉంది, స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు" అన్న మాట మీ పేరు పక్కనే ఉండాలి. తెలుగు పేరు చూసి స్కిల్డ్ వర్కర్ వీసా అనుకుని, ఆ వీసా మీద సొంత కంపెనీతో కాంట్రాక్టింగ్ కుదరదు కాబట్టి ఫోన్ చేయకుండానే పక్కన పెట్టే ఏజెంట్లున్నారు. ఎప్పటినుంచి దొరుకుతారో తేదీ వేయండి. మీ పర్మనెంట్ ఉద్యోగంలో నోటీసు మూడు నెలలైతే ఇది అసలు సమస్య. కాంట్రాక్టులు ఎక్కువగా రెండు నుంచి నాలుగు వారాల్లో మొదలయ్యేవే. నోటీసులో నెల రోజులు మిగిలేదాకా సీవీ ఎంత బాగున్నా పిలుపులు పలచగానే ఉంటాయి, నిరుత్సాహపడకండి.

రోజు రేటు సీవీలో వేయకండి. 2017 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ సంస్థల్లో, 2021 ఏప్రిల్ నుంచి మధ్యస్థ, పెద్ద ప్రైవేటు కంపెనీల్లో కాంట్రాక్టు ఐఆర్35 (కాంట్రాక్టర్ నిజానికి ఉద్యోగిలా పనిచేస్తున్నాడా అని చూసే పన్ను నియమం) లోపలా బయటా అన్నది క్లయింటే తేలుస్తుంది. లోపల అయితే సాధారణంగా అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్‌ని తన ఉద్యోగిగా పెట్టుకుని జీతమిచ్చే సంస్థ) ద్వారా, పన్నులు కోసుకుని డబ్బు చేతికొస్తుంది. అదే రేటు బయట కాంట్రాక్టుకి ఒకలా, లోపలి కాంట్రాక్టుకి ఇంకోలా మిగులుతుంది. ఒక్క అంకె వేస్తే రెండింట్లో ఒకచోట మీకే నష్టం. బయటి కాంట్రాక్టులకి వెళ్లేటప్పుడు మాటతీరు కూడా చూసుకోండి. సీవీ ఐఆర్35 స్థితిని తేల్చదు, అసలు ఒప్పందం, పనిచేసే తీరు తేలుస్తాయి. అయినా "క్లయింట్ సిబ్బంది అప్రైజల్స్ చూశాను" లాంటి ఉద్యోగి భాష కాంట్రాక్టు పనికి వాడటం మీకు మంచిది కాదు. ఏం అప్పజెప్పారో, ఏం చేసిచ్చారో అలా రాయండి.

ఇంత పట్టుబట్టి రెండు అన్నాక, మూడో పేజీ ఎప్పుడు? ప్రోగ్రామ్ మేనేజర్లు, సొల్యూషన్ ఆర్కిటెక్టులకి ప్రాజెక్టు పరిమాణం చెప్పడానికే చోటు పడుతుంది, వాళ్లకి మూడు సహజం. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో పది పన్నెండు అంశాలకి రుజువు విడివిడిగా అడిగితే మూడు అవుతుంది, కానివ్వండి. ఐదేళ్లలో పది పన్నెండు చిన్న కాంట్రాక్టులు చేసినవాళ్లకీ అంతే. ఒక్క షరతు: మూడో పేజీ చింపి పారేసినా మిగతా రెండూ సొంతంగా నిలబడాలి. ప్రభుత్వ పనులకి బీపీఎస్ఎస్ అనే ప్రాథమిక తనిఖీలో గత మూడేళ్ల చరిత్ర చూస్తారు, ఆ పై స్థాయి ఎస్సీ (సెక్యూరిటీ చెక్) క్లియరెన్స్‌కి సాధారణంగా బ్రిటన్‌లో ఐదేళ్ల నివాసం కావాలి. మీకు ఎనిమిదేళ్లున్నాయి కాబట్టి "ఎస్సీకి అర్హత ఉంది" అనొచ్చు. అర్హత ఉండటం వేరు, చేతిలో క్లియరెన్స్ ఉండటం వేరు, రెండూ కలిపేయకండి. ఉన్నప్పుడు కూడా ఏజెంట్‌కి పంపే కాపీలో చెప్పండి, ఎవరైనా చూసే జాబ్ సైట్ ప్రొఫైల్‌లో చాటుకోకండి.

ఒక్క పేజీ చాలిన సందర్భాలూ ఉన్నాయి. ఏజెంట్ లేకుండా, తెలిసినవాళ్ల ద్వారా నేరుగా క్లయింట్ దగ్గరికి వెళ్లేటప్పుడు సీవీ కన్నా ఒక పేజీలో మూడు ప్రాజెక్టుల సమస్య, పని, ఫలితం రాసిన కాగితం బాగా పనిచేస్తుంది. కన్సల్టింగ్ సంస్థ తన టెండర్‌లో మిమ్మల్ని చూపించాలంటే అరపేజీ బయోడేటా అడుగుతుంది.

ఇప్పుడు మీ డాలస్ స్నేహితుడి సంగతి. అమెరికాలో కార్ప్-టు-కార్ప్ (కంపెనీకీ కంపెనీకీ మధ్య కాంట్రాక్టు) గొలుసులో రెజ్యూమె బెంచ్ సేల్స్ వాళ్ల (ఖాళీగా ఉన్న కన్సల్టెంట్లకి ప్రాజెక్టులు వెతికేవాళ్లు) నుంచి వెండర్‌కి, అక్కడినుంచి ప్రైమ్ వెండర్‌కి, ఆ తర్వాత ఇంప్లిమెంటేషన్ పార్ట్‌నర్‌కి, చివరికి క్లయింట్‌కి చేరుతుంది. గొలుసులో ప్రతి ఒక్కరూ రిక్వైర్‌మెంట్‌లోని ప్రతి పదమూ రెజ్యూమెలో ఉందా అని టిక్కులు పెట్టుకుంటారు. అందుకే అక్కడ ఏడెనిమిది పేజీలు మామూలు, ప్రాజెక్టు కింద ఇరవై బుల్లెట్లు మామూలు. ఆ పద్ధతి అక్కడ నడుస్తుంది. దాన్ని లండన్‌కి తెస్తే "దేన్ని వదలాలో తెలియని మనిషి" అన్న ముద్ర పడుతుంది, కొన్నిచోట్ల అబద్ధపు అనుభవమేమో అన్న సందేహం కూడా. జర్మనీ ఇంకో రకం. అక్కడ ఫ్రీలాన్సర్లు ప్రాజెక్టుల జాబితాని చాలా పేజీలు ఇస్తారు, దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. బ్రిటన్‌లో ఉంటూ జర్మన్ క్లయింట్ పని చూస్తే మీ మాస్టర్ ఫైల్ అప్పుడు పనికొస్తుంది.

ఫైల్ తయారీలో నాలుగు మాటలు. రెండు నిలువు వరుసల డిజైన్, టెక్స్ట్ బాక్సులు, ఐకాన్లు, నైపుణ్యాల స్థాయి చూపే చుక్కలు, గ్రాఫ్ గీతలు వద్దు. డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు వాటిలోని అక్షరాలు కలగాపులగం అవుతాయి, లేదా పోతాయి. ఫోను, ఈమెయిల్ పేజీ హెడర్‌లో పెట్టకండి, కొన్ని వ్యవస్థలు హెడర్ చదవవు. అసలు పేజీలోనే మొదటి లైనుగా రాయండి. పరీక్ష సులువు: మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. వరుస తప్పకుండా చదవగలిగితే యంత్రం కూడా చదువుతుంది. తెల్ల రంగు అక్షరాలతో కీవర్డులు దాచే చిట్కా ఎవరో చెబుతారు, వినకండి. ఏజెన్సీ టెంప్లేట్‌లోకి మారగానే అవన్నీ నల్లగా తేలి, క్లయింట్ ముందు పడతాయి.

చివరిగా, కాంట్రాక్టుకో సీవీ అన్నాను కాబట్టి కలిసొచ్చే తలనొప్పి ఒకటుంది. ఒకే క్లయింట్ పనికి ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు ఫోన్ చేస్తారు. క్లయింట్ పేరు చెప్పకముందే "పంపేయనా?" అంటారు. ఇద్దరికీ సరే అంటే ఒకే మనిషి రెండు సీవీలు, అవీ రెండు రకాలవి, ఒకే మేనేజర్ బల్ల మీద పడతాయి. ఏ ఏజెన్సీకి కమిషన్ అన్న గొడవ ఎందుకని క్లయింట్ రెండూ పక్కన పెట్టేస్తాడు. కాబట్టి క్లయింట్ పేరు, పని పేరు ఈమెయిల్‌లో రాసిచ్చాకే ఒప్పుకోండి. ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని తేదీ, ఏజెన్సీ, క్లయింట్, చెప్పిన రేటు, పంపిన ఫైల్ పేరు రాసుకోండి. ఫైల్ పేరులో మీ పేరు, హోదా, నెల ఉండాలి. ఉత్త "సీవీ ఫైనల్ 3" కాదు. మూడు వారాల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపొచ్చినప్పుడు ఆయన చేతిలో ఏ రెండు పేజీలున్నాయో మీకూ తెలిసుండాలి కదా.